సొట్ట తీయడమంటే కొట్టడం కాదు

జనం రోజూ నడిపే మామూలు కారునే రేసుకు దింపితే అది స్టాక్ కార్. అమెరికాలో నాస్కార్ 1949లో మొదలుపెట్టిన పోటీ ఇలాంటిదే. మన వైపు చూస్తే, మద్రాసు దగ్గర షోళవరంలో రెండో ప్రపంచయుద్ధ కాలపు రన్‌వే మీద ఏళ్ల తరబడి రేసులు జరిగాయి. ఫియట్ 1100లు, హెరాల్డ్‌లు అక్కడ పోటీపడ్డాయి. ఆ ఫియటే 1970ల్లో పేరు మారి ప్రీమియర్ పద్మిని అయింది.

అలాంటి పాత బండిని బాగుచేసేటప్పుడు ఇంజన్ కన్నా బాడీయే ఎక్కువ ఏడిపిస్తుంది. కొత్త మడ్‌గార్డ్ కావాలంటే దొరకడం కష్టం. ఉన్న రేకునే కాపాడుకోవాలి.

ఈ సంగతి నాకు వరంగల్‌లోని ఒక టింకరింగ్ షెడ్డులో తెలిసింది. నా ముందున్నది రేసు కారు కాదు, మామూలు పద్మిని ముందు మడ్‌గార్డ్. దాని మీద అరచేయంత సొట్ట. సుత్తి తీసుకుని లోపలి నుంచి సరిగ్గా మధ్యలో గట్టిగా నాలుగు దెబ్బలు వేశాను. సొట్ట పైకొచ్చింది. కానీ వేలితో నొక్కితే టక్కున లోపలికి, వదిలితే టక్కున బయటికి, నూనె డబ్బా అడుగులాగా!

ఉస్తాద్ నవ్వలేదు. "రేకును సాగదీసినవ్ బిడ్డా. ముందుగాల చెయ్యి పెట్టి సూడాలె, తర్వాతనే సుత్తి" అన్నాడు.

ఆయన మాటను మన క్లాసు భాషలో చెప్పుకుందాం. మెత్తని ఉక్కు సుమారు 250 మెగాపాస్కల్స్ దగ్గర ఈల్డ్ అవుతుంది. యంగ్స్ మాడ్యులస్ 200 గిగాపాస్కల్స్. భాగిస్తే 0.00125. అంటే 100 మిల్లీమీటర్ల రేకు దాదాపు 0.12 మిల్లీమీటర్లు సాగేదాకా వెనక్కి వస్తుంది, అది దాటితే రాదు. సొట్టలో ఈ హద్దును బాగా దాటేది చుట్టూ మడతపడ్డ అంచు. మధ్య భాగాన్ని చాలావరకు ఆ మడతే లోపలికి పట్టి ఉంచుతుంది. కాబట్టి చివర పడ్డ మడతను ముందు విప్పాలి. లోపల పల్లం కింద డాలీ ఆనించి పైకి నెడుతూ, బయట ఉబ్బిన అంచు మీద చిన్న చిన్న దెబ్బలు వెయ్యాలి. నేను చేసింది ఉల్టా. పెద్దగా దెబ్బతినని మధ్య భాగాన్ని సాగదీశాను. సాగిన రేకుకు ఉన్న చోటు చాలదు, అందుకే ఆ టక్‌టక్.

ఇంకో చిక్కు, కొట్టేకొద్దీ రేకు గట్టిపడుతుంది. అదే వర్క్ హార్డెనింగ్. మన పెంబర్తిలో ఇత్తడి పని చేసేవాళ్లు మధ్యమధ్యలో రేకును కాల్చి మెత్తబరుస్తారు. వాళ్లు చేసేదాన్నే మనం అనీలింగ్ అని పరీక్షలో రాస్తాం.

మరి సాగిన రేకును కుదించేదెలా? మళ్లీ వేడితోనే. ఉక్కు ఒక డిగ్రీకి 0.000012 వంతు వ్యాకోచిస్తుంది. చుట్టూ కదలనివ్వకుండా బిగిస్తే, దాదాపు వంద డిగ్రీలు పెరిగేసరికే పై హద్దు వచ్చేస్తుంది. ఉస్తాద్ గ్యాస్ మంటతో వేలిగోరంత చోటును ఎర్రగా కాల్చాడు. అది వ్యాకోచించబోతే చుట్టూ ఉన్న చల్లని రేకు ఒప్పుకోలేదు. పక్కకు పోలేక అక్కడికక్కడే మందమైంది. తడిగుడ్డ పెట్టగానే ముడుచుకుంటూ చుట్టుపక్కల రేకును లాక్కుంది. అలా మూడు చోట్ల చేశాక టక్‌టక్ ఆగింది.

నేర్చుకోవాలనుకునేవాళ్లకు వరస ఇదీ. మాస్కు పెట్టుకుని పెయింట్ తీయండి, పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. అరచేతి కింద పలచని గుడ్డ వేసి రేకు మీద జరపండి. కంటికి ఆనని పల్లాలు చేతికి తెలుస్తాయి. వాటిని సుద్దముక్కతో గుర్తుపెట్టుకుని, తర్వాతే సుత్తి పట్టండి. పుట్టీ చివర్లో, పలచగా. మందంగా పూస్తే వేడికీ అదురుకూ పగులుతుంది, ఆ సందులో నీరు చేరి కింద తుప్పు మొదలవుతుంది.

నా సొట్టను పుట్టీతో పూడిస్తే అరగంటలో అయిపోయేది. ఉస్తాద్ దాని మీద పూట గడిపాడు. రెడ్ ఆక్సైడ్ కొట్టేముందు మడ్‌గార్డ్ లోపలివైపు మూడు నీలి మచ్చలు కనిపించాయి. నేను వేసిన నాలుగు దెబ్బలకు అవి లెక్క.