వీరమాత ఏడవకూడదా?

ప్రశ్న: మా అన్న కొడుకు సైన్యంలో చనిపోయి ఎనిమిది నెలలైంది. వదిన దేవుడికి దీపం పెట్టడం మానేసింది. ఏడిస్తే చాలు, ‘వీరమాతవు, ఏడవకూడదు’ అంటున్నారు చుట్టాలు. ఏం చెయ్యాలి?
– ఒక పాఠకురాలు, చిట్యాల

జవాబు: ముందు ఆ చుట్టాల నోరు కట్టెయ్యండమ్మా. మీ ఊరి మీదుగా పోయే హైవే మీదే ఉంది సూర్యాపేట. అక్కడి బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు 2020 జూన్ 15న గల్వాన్ లోయలో అమరుడైనప్పుడు, ఆ తల్లి గర్వంగా ఉందనీ చెప్పారు, ఒక్కగానొక్క కొడుకు పోయిన దుఃఖాన్నీ దాచుకోలేదు. ఆయనకు 2021లో మహావీర్ చక్ర ప్రకటించారు. పతకంతో కడుపుకోత తీరుతుందా!

దీపం సంగతి వదిలెయ్యండి. గోల్కొండ చెరలో రామదాసు రాముణ్ణే నిలదీశాడు. అలిగినవాళ్లు మన భక్తికి కొత్త కాదు. పెట్టాలనిపించిన రోజు ఆమే పెడుతుంది.

నన్ను ఆలోచింపజేస్తున్నది ఆ ఎనిమిది నెలలు. దుఃఖం ఆరు నెలలు దాటినా తిండి, నిద్ర, పనులు గాడిన పడకపోతే వైద్యసాయం అవసరం కావచ్చు. టెలి మానస్ 14416కు ఫోన్ చెయ్యండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. చచ్చిపోవాలని ఉందంటే మాత్రం ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

పింఛను కాగితాలకు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది. ఆ తిరుగుడు మీరు చూసుకోండి. పంద్రాగస్టుకు శాలువా కప్పుతామని ఎవరైనా వస్తే, వదినను అడిగాకే ఒప్పుకోండి.