డిస్కుల మునుం

కంప్యూటరు ఎంత చురుకైనదైనా, సమాచారం అందించే డిస్కు నెమ్మదిదైతే ఎదురుచూపులు తప్పవు. నిమిషానికి 7,200 సార్లు తిరిగే హార్డుడిస్కుకు ఒక్క చుట్టు తిరగడానికి 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన చోటు చదివే తల కిందికి రావడానికి సగటున అందులో సగంసేపు ఆగాలి. మరి దీనికి ఉపాయం లేదా?

ఉంది. అది మా రైతు కుటుంబాలవాళ్ళకు కొత్తదేమీ కాదు. కలుపు తీయడానికి దిగిన కూలీలు చేనును మునుములుగా పంచుకుంటారు. ఒక్కొక్కరు ఒక్కో మునుం పట్టి, అందరూ ఒకేసారి ముందుకు సాగుతారు. డిస్కు స్ట్రైపింగ్ అన్నా ఇదే. ఫైలును, ఉదాహరణకు, 64 కిలోబైట్ల ముక్కలు చేసి, మొదటి నాలుగు ముక్కలను నాలుగు డిస్కుల్లో వరసగా రాస్తారు. ఐదోది మళ్ళీ మొదటి డిస్కుకు వెళుతుంది. ఒక్కో డిస్కు సెకనుకు 150 మెగాబైట్లు చదవగలిగితే, 600 మెగాబైట్ల ఫైలుకు ఒక్క డిస్కు మీద 4 సెకన్లు కావాలి. నాలుగూ కలిస్తే దాదాపు ఒక్క సెకను చాలు. అయితే ఒకే ముక్కలో ఇమిడే చిన్న ఫైలుకు ఈ లాభం దక్కదు.

ఇక్కడే అసలు చిక్కుంది. ఒక కూలి రాకపోతే ఆమె మునుం పక్కవాళ్ళు పడతారు. ఒక డిస్కు చెడితే మాత్రం దాని ముక్కలు పోయి, ఫైలంతా పనికిరాకుండా పోతుంది. ఏడాదిలో ఒక డిస్కు చెడే అవకాశం నూటికి 2 అనుకుందాం. నాలుగింటిలో ఏదో ఒకటి చెడే అవకాశం నూటికి దాదాపు 8 అవుతుంది!

అందుకే 1988లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాటర్‌సన్, గిబ్సన్, కాట్జ్‌లు రెయిడ్ అనే పద్ధతులను వివరించారు. వాటిలో ఒకదాని కిటుకు పారిటీ. మూడు డిస్కుల్లో 1, 0, 1 ఉన్నాయనుకోండి. ఒకట్ల సంఖ్య సరిసంఖ్యే కనుక నాలుగోదానిలో 0 రాస్తారు. రెండో డిస్కు పోయినా, మిగిలిన 1, 1, 0లను చూసి పోయింది 0 అని తేల్చవచ్చు. ఒక డిస్కు జాగా ఖర్చవుతుంది, రాయడం కాస్త నెమ్మదిస్తుంది, కాని సమాచారం దక్కుతుంది.

అయినా మిత్రులారా, ఫైలును మనమే పొరపాటున చెరిపేస్తే పారిటీ కూడా కాపాడలేదు. రైతు విత్తనాలను తిండిగింజల్లో కలపడు, వేరే దాస్తాడు. ప్రాజెక్టు రికార్డుల విషయంలో మనమూ అంతే. వేగం ఎంత ఉన్నా మరో ప్రతి మరోచోట ఉండాల్సిందే.