ప్రశ్నలు - జవాబులు: ముందు వేరు, తర్వాతే రంగు

ప్రశ్న: హైదరాబాద్ శివార్లలో ఒక గోల్ఫ్ కోర్సుకు గ్రౌండ్ సూపర్‌వైజర్‌ని. నవంబరులో టోర్నమెంటు ఉంది, గ్రీన్లు ఇంకా పసుపుగానే ఉన్నాయి. యూరియా కొట్టి పచ్చబరచమని కమిటీ ఒత్తిడి. బతుకమ్మకు ఊరెళ్లిన మా మాలీల్లో సగం మంది పత్తి ఏరడానికి అక్కడే ఉండిపోయారు. కాంట్రాక్టరు కొత్తవాళ్లను పంపుతానంటున్నాడు. ఏం చెయ్యమంటారు?

జవాబు: యూరియా బస్తా విప్పకముందే ఒక పని చెయ్యండి. రేపు పొద్దున హోల్ మార్చేటప్పుడు కట్టర్‌లో పైకొచ్చిన మట్టి దిమ్మను చేతిలోకి తీసుకుని పక్కనుంచి చూడండి. వేళ్లు తెల్లగా, చూపుడు వేలంత లోతుకు దిగి ఉంటే దిగుల్లేదు. పై అంగుళంలోనే ఆగిపోయి, కింద నల్లటి పొర, కుళ్లిన గుడ్డు వాసన ఉంటే వానాకాలమంతా నీళ్లు నిలిచి వేళ్లకు గాలి ఆడలేదన్నమాట. అలాంటి గడ్డికి యూరియా వేస్తే ఆకు ఏపుగా లేస్తుంది, వేరు ఉన్నచోటే ఉంటుంది. వాన వెనక్కి తగ్గాక కాసే అక్టోబరు ఎండను ఆ వేరు తట్టుకోలేదు. లేతాకు మీద తెగులు కూడా తొందరగా పడుతుంది.

గ్రీన్ల మీద వేసే హైబ్రిడ్ బెర్ముడా మన గరిక జాతే. చలి 15 డిగ్రీల కిందికి దిగితే దాని ఎదుగుదల మందగిస్తుంది. హైదరాబాద్‌లో డిసెంబరు రాత్రులు అలాగే ఉంటాయి. వేరు పట్టించడానికి మీకున్నవి ఈ కొద్ది వారాలే. సన్న సూదులతో గుచ్చి గాలి ఆడించండి, పైన పలచగా ఇసుక పట్టించండి. వానల్లో పెరిగిన గడ్డిని ఒక్కసారిగా మూడు నాలుగు మిల్లీమీటర్లకు దింపకండి. ఒక కోతలో ఆకు మూడో వంతుకు మించి పోకూడదు. కమిటీకి రంగే కావాలంటే అన్నభేది ఉంది. లీటరు నీటికి 5 గ్రాములు మించకుండా, ఎండ తగ్గాక, ముందు ఒక మూల కొట్టి చూడండి. ఎదుగుదలను ఎగదొయ్యకుండా ముదురు పచ్చదనం తెస్తుంది. సిమెంటు బాటల మీద పడితే మాత్రం మరక పోదు.

ఇక కొత్తవాళ్ల సంగతి. ఆ మాట దగ్గరే నేను ఆగిపోయాను. గ్రీన్ కొయ్యడం ఎవరైనా చేసే పని అనుకుంటే తప్ప అలా అనలేరు. మలుపులో కాస్త తొందరపడితే చక్రం గడ్డిని నలిపేస్తుంది. హైడ్రాలిక్ ఆయిల్ కారితే కారినంత మేర గడ్డి చచ్చి చార మిగులుతుంది. బ్లేడు మొద్దుబారిందని చేయి తిరిగినవాడు చప్పుడు వినే చెబుతాడు. కొత్తవాడికి మర్నాడు ఆకు కొసలు తెల్లబడ్డాక కూడా తెలియదు. ఉన్న పాతవాళ్లను గ్రీన్లు దాటనివ్వకండి. రఫ్, బంకర్లు కొత్తవాళ్లకు ఇవ్వండి. టోర్నమెంటు దాకా పొద్దుటి మొదటి గంట ఆట లేకుండా గ్రౌండ్‌వాళ్లకు వదలమని కమిటీని అడగండి.

బతుకమ్మ ఏటా వస్తుంది. పత్తి కూడా ఆ రోజుల్లోనే పగులుతుంది, కిలో లెక్కన కూలి దొరుకుతుంది. ఊరెళ్లినవాళ్లను తప్పుపట్టి లాభం లేదు. వచ్చే ఏడు సెలవులు రెండు విడతలుగా ఆగస్టులోనే రాసిపెట్టండి. పండగకు ముందే జీతం చేతిలో పెట్టించండి. చెప్పిన రోజుకు తిరిగొచ్చినవాళ్లకు అదనంగా ఇప్పించండి. డబ్బెక్కడిదని కమిటీ అంటే, పాడైన ఒక గ్రీన్‌ను తవ్వి మళ్లీ వెయ్యడానికి ఎంతవుతుందో కాగితం మీద రాసి ముందుంచండి.

ప్రశ్న: క్లబ్ సభ్యుణ్ని. సరిగ్గా సీజన్ మొదలయ్యే వేళకు గ్రీన్ల నిండా రంధ్రాలు పొడిచి ఇసుక పోశారు. బంతి గెంతుతోంది. అంత ఫీజు కట్టేది ఇందుకా?

జవాబు: ఇందుకే. మన బూట్లు, మోవర్లు తొక్కి తొక్కి నేల బిగుసుకుపోతుంది. ఆ రంధ్రాల్లోంచే వేరుకు గాలి, నీరు అందుతాయి. గడ్డి పెరిగే కాలమైతే రెండు మూడు వారాల్లో పూడిపోతాయి. ఈలోపు మాలీల మీద కేకలెయ్యకండి, ఎప్పుడు పొడవాలో నిర్ణయించేది వాళ్లు కాదు. బంతి పడి చేసిన గుంటను మీరే సరిచెయ్యండి. బంకర్‌లోంచి బయటికొస్తూ మీ అడుగుల మీద రేక్ లాగండి. మీరు వదిలేసిన ప్రతి గుంటా మర్నాడు ఒక మాలీ నడుం వంచి పూడ్చాల్సిందే.

ప్రశ్న: తుంగ పీకిన వారానికే మళ్లీ మొలుస్తోంది. (నెల్లూరు)

జవాబు: దుంప నేలలో ఉండగా ఆకు పీకి ప్రయోజనం లేదు, ముందు అక్కడ నీరు నిలవకుండా చెయ్యండి.

ప్రశ్న: మిషిగన్‌లో ఉంటాం. ఏప్రిల్‌లో ఉదయం 8 గంటల ఆటకు వెళ్తే గడ్డి మీద మంచు కరగలేదని పది దాకా ఆపేశారు. ఇది న్యాయమేనా?

జవాబు: న్యాయమే. మంచు పట్టిన ఆకులో నీరు గడ్డకట్టి ఉంటుంది. తొక్కితే కణాలు పగులుతాయి, తర్వాత అడుగు పడ్డచోటల్లా నల్లబడుతుంది. ఏప్రిల్ చలిలో అది కోలుకోవడానికి వారాలు పడుతుంది. కాఫీ తాగి వెళ్లండి.

ప్రశ్న: మా అమ్మ గోల్ఫ్ కోర్సులో కలుపు తీస్తుంది. వాళ్లు వంగి పనిచేస్తుండగానే పక్కన మందు కొడతారు. చేతులు దురద, కళ్ల మంట. అడిగితే పని పోతుందని అమ్మ భయం. మేం ఏం చెయ్యాలి?

జవాబు: అమ్మా, ఈ ఉత్తరం చదివి నాకు చాలా కోపం వచ్చింది. మందు కొట్టేచోట మరో మనిషి ఉండకూడదు. కొట్టాక మళ్లీ ఎప్పుడు అడుగుపెట్టవచ్చో లేబుల్ చూసి చెప్పడం సూపర్‌వైజర్ పని. అడగడానికి అమ్మ ఒక్కతే వెళ్లొద్దు, కలుపు తీసే ఆడవాళ్లందరూ కలిసి వెళ్లాలి. డబ్బా మీద రంగు త్రికోణం ఉంటుంది: ఎరుపైతే అన్నిటికన్నా విషం, ఆ తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ ఉన్నా ఒంటి మీద పడనివ్వకూడదు. చేతికి రబ్బరు తొడుగులు, నిండు చేతుల చొక్కా అడగండి. ఇంటికి రాగానే సబ్బుతో స్నానం చెయ్యాలి, పని బట్టలు విడిగా ఉతకాలి. దురద తగ్గకపోతే ఆ లేబుల్‌ను ఫోన్‌లో ఫొటో తీసుకుని అమ్మను వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు.