పోగు తెగితే ముడెయ్యాలి

ఆదోని

చి. పాపకు,

పాత కట్టడాల ఫొటోల పోటీ వికీ లవ్స్ మాన్యుమెంట్స్‌కి మన వైపు పిల్లలు ఫొటోలన్నీ ఒక్కసారే ఎక్కించేలా సాధనం చేస్తున్నానని నువ్వు ఫోన్లో చెప్పినప్పటినుంచి నా మనసంతా దాని మీదే ఉంది. 2010లో నెదర్లాండ్స్‌లో పుట్టిన పోటీ అది. మరుసటి ఏడే యూరప్ దేశాలనుంచి 1,68,208 ఫొటోలు వచ్చి గిన్నిస్‌కెక్కింది. ఆ ఫొటోలు చేరే వికీమీడియా కామన్స్‌లో, అంచెలంచెలుగా ఎక్కించే అప్‌లోడ్ విజార్డ్ అందరి చేతికీ వచ్చిందీ ఆ ఏడే. ఈ రెండింటికీ సంబంధం లేదంటే నేను నమ్మను. 2012లో మన దేశమూ చేరింది.

ఎక్కించడం సులువు కాకపోతే ఏమవుతుందో నేను కళ్ళారా చూశాను. ఒకసారి వేరే పోటీకి మన వీధి పిల్లవాడొకడు ఆదోని కోట ఫొటోలు నలభై రెండు తెచ్చాడు. బారాఖిల్లా కొండ ఎండలో ఎక్కి తీసినవి. పక్కన నేను కూర్చున్నాను. ప్రతి ఫొటోకూ ఊరు, జిల్లా, కట్టడం పేరు, తన పేరు మళ్ళీ మళ్ళీ కొట్టాడు. ముప్పై ఒకటో ఫొటో దగ్గర కరెంటు పోయింది. వచ్చాక చూస్తే ఒక్కటీ నిలవలేదు. ఆ పిల్లవాడు ఇంకే పోటీకీ ఫొటో పంపలేదు పాపా.

ఎమ్మిగనూరులో మీ వీధి మగ్గాలు చూస్తూ పెరిగినదానివి, నీకు చెప్పాలా? పడుగు ఒక్కసారే సాగదీస్తారు, ఆ మీదట పేక మారుతూ పోతుంది. ఊరు, కట్టడం, తీసినవారి పేరు, లైసెన్సు పడుగు: ఒక్కసారి అడుగు. ఏ ఫొటోకా ఫొటోకు మారేది పేక: దానికి ఒక చిన్న గడి చాలు. పోగు తెగితే నేతగాడు ముడేసి ముందుకు నేస్తాడు గానీ బట్ట కోసి మొదటికి రాడు. ఫైలును ముక్కలుగా పంపే వెసులుబాటు కామన్స్‌లో ఉంది, దాన్ని వాడుకో. ఎన్ని చేరాయో, ఏవి మిగిలాయో ఫోన్లోనే గుర్తుండాలి.

పోటీ జాబితాలో ప్రతి కట్టడానికీ ఉండే గుర్తింపు సంఖ్యను చేత్తో కొట్టించవద్దు. జాబితాలో పేరు నొక్కితే సంఖ్య దానంతటదే వచ్చి కూర్చోవాలి. ‘ఐఎంజీ 2034’ లాంటి పేర్లు కామన్స్ ఒప్పుకోదు. ‘ఆదోని షాహీ జామియా మసీదు, లోపలి కమానులు’ అని ఒకసారి రాస్తే వరస అంకెలు సాధనమే వేసుకోవాలి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో అయితే సైజు తగ్గి, తీసిన తేదీ కూడా పోయి ఉంటుంది. ‘అసలు ఫైలు పెట్టండి’ అని మొదటే చెప్పు, చివర్లో కాదు. ఎప్పుడో తీసిన ఫొటో అయినా సెప్టెంబరులో ఎక్కిస్తే పోటీకి చెల్లుతుందన్న మాటా మొదటి పేజీలోనే ఉండాలి. చాలామంది ఆ సంగతి తెలియకే ఆగిపోతారు.

లైసెన్సు దగ్గర మాత్రం సులువు కోసం తొందరపడవద్దు. ‘నీ ఫొటోను ఎవరైనా, వ్యాపారానికైనా, నీ పేరు చెప్పి వాడుకోవచ్చు, మార్చి పంచితే ఇదే షరతు మీద పంచాలి, ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోలేవు’ అని తేట తెలుగులో రాయి. ముందే టిక్కు పెట్టి ఉంచితే అది మోసమే. పాస్‌వర్డ్ కూడా నువ్వు అడగవద్దు. వికీ వాళ్ళ పేజీలోనే లాగిన్ అయ్యి, నీ సాధనానికి అనుమతి ఇచ్చే పద్ధతి ఉంది కదా.

ఆగస్టు లోపల ఒక ఆదివారం ఆదోనికి రా. ఇద్దరు పిల్లలను పిలిపిస్తాను, వాళ్ళ ఫోన్లతోనే ఎక్కించనీ. నువ్వు నోరు విప్పకుండా పక్కన కూర్చుని, వాళ్ళ వేలు ఎక్కడ ఆగిందో రాసుకో.

ఇట్లు,
పెద్దనాయన