విశాఖ ఇసుక అడ్డుపడిన యుద్ధం

1804 సెప్టెంబర్ 15న విశాఖపట్నం ఎదుట లంగరేసి ఉన్న బ్రిటిష్ యుద్ధనౌక సెంచూరియన్ మీదికి మూడు ఫ్రెంచ్ నౌకలు వచ్చాయి. ఒకటి 74 ఫిరంగుల మరెంగో. మిగిలిన రెండూ, అతలాంత్, సెమిలాంత్, ఫ్రిగేట్లు. ఫ్రిగేట్ అంటే ఒకే పూర్తి ఫిరంగి అంతస్తు ఉండే వేగనౌక. 1774లో హార్విచ్‌లో నీటిలోకి దిగిన సెంచూరియన్‌కు రెండు అంతస్తులు, 50 ఫిరంగులు. 1794లో మారిషస్ దగ్గర డయోమీడ్‌తో కలిసి ఇలాంటి ఫ్రెంచ్ ఫ్రిగేట్లతోనే పోరాడింది.

ఈసారి మాత్రం బలం అవతలి వైపే. పైగా కెప్టెన్ జేమ్స్ లిండ్ ఒడ్డున ఉన్నాడు; లెఫ్టినెంట్ ఫిలిప్స్ పోరు మొదలుపెట్టాడు.

విశాఖకు అప్పటికి ఓడరేవు లేదు, అది 1933లో వచ్చింది. పెద్ద ఓడలు బయటే ఆగితే సరుకును మసూలా పడవలు అలలు దాటించేవి. పలకల్ని మేకులతో కాక కొబ్బరి తాళ్లతో కుట్టడం వల్ల అవి అల దెబ్బకు వంగేవి, విరిగేవి కావు. ఓక్ మొద్దులతో కట్టిన యుద్ధనౌకకు ఆ వెసులుబాటు లేదు. మరెంగో అడుగు నీటిలో సుమారు 7 మీటర్ల లోతుకు దిగుతుంది. ఇసుకలో కూరుకుపోతే బాగుచేసే స్థావరం మారిషస్ దాకా లేదు. ఫ్రెంచ్ అడ్మిరల్ లినోవా అందుకే దగ్గరికి రాకుండా దూరం నుంచే కాల్చాడు.

ఆ దూరం సెంచూరియన్‌కూ ఇబ్బందే. దాని పై అంతస్తులోని కారొనేడ్లు పొట్టి గొట్టాల ఫిరంగులు. మందు తక్కువ, గుండు వేగమూ తక్కువ. గాలి నిరోధం లేదనుకుంటే గుండు వెళ్లే దూరం వేగం వర్గానికి అనులోమం. అంటే వేగం సగమైతే దూరం పావు వంతు. గుండ్లు అందలేదు. కింది అంతస్తు పొడవాటి ఫిరంగులే జవాబిచ్చాయి. పోరు సాగుతుండగానే లిండ్ పడవలో నౌకను చేరాడు. చివరికి లినోవా వెనుదిరిగాడు. సెంచూరియన్‌పై ఒకరు చనిపోయారు, 9 మంది గాయపడ్డారు. గెలుపు అనడానికి నాకు నోరు రాదు: కాపలా కాయాల్సిన వర్తక నౌకల్లో ప్రిన్సెస్ షార్లెట్ పట్టుబడింది, బార్నబీ ఒడ్డుకు కొట్టుకొచ్చి పగిలింది.

సముద్రం ఊసే లేని మా నందిని గనుల సున్నపురాయి భిలాయ్ బ్లాస్ట్ ఫర్నేసుల్లో ఇసుక మలినాలతో కలిసి లోహమలంగా విడిపోతుంది. ఐఎన్ఎస్ విక్రాంత్‌కు ఉక్కు పలకలు పంపిన కర్మాగారాల్లో భిలాయ్ కూడా ఉంది. విక్రాంత్‌కైనా అడుగున నీరు చాలాలి, ఆ లెక్క మారలేదు.

సెంచూరియన్ తర్వాత కెనడాలోని హాలిఫాక్స్‌లో ఆసుపత్రి నౌకగా మిగిలింది. 1824లో అక్కడే మునిగితే, మరుసటి ఏడు పైకి తీసి విడగొట్టారు.