మరియొకరు మోయు చేయి

పాఠ్యభాగము: నిర్గమకాండము 17:8–13

రెఫీదీములో ఇశ్రాయేలీయులు అమాలేకీయులతో పోరాడిన దినమున మోషే కొండపై చేతులెత్తి నిలిచిన సంగతి మనమెరిగినదే. కొంతసేపటికి ఆ చేతులు అలసిపోయెను. అప్పుడు అహరోనును హూరును అతనిని రాతిపై కూర్చుండజేసి, ఇరుప్రక్కల నిలిచి, పొద్దు గ్రుంకువరకు ఆ చేతులను పట్టియుండిరి. ఈ భాగమును సాధారణముగా ప్రార్థనను గూర్చి బోధింతుము. అయితే భుజమునకు శస్త్రచికిత్స జరిగి, ఒక చేయి మెడకు వేసిన పట్టీలో ఉండగా ఇంటిపట్టున కూర్చున్నవారికి ఇందు మరియొక పాఠము కలదు.

1. నొప్పి తగ్గుట వేరు, అతుకుట వేరు

మన దేహములోని కీళ్లన్నిటిలో ఎక్కువగా తిరుగునది భుజపు కీలు. లోతులేని చిన్న గిన్నెపై పెద్ద బంతిని నిలిపినట్లుండు ఈ కీలును నాలుగు కండరముల స్నాయువులు చుట్టి పట్టియుంచును. పడిపోవుటవలనగాని, ఏండ్ల తరబడి అరుగుదలవలనగాని వీటిలో ఒకటి తెగినప్పుడు వైద్యుడు దానిని మరల ఎముకకు కుట్టును. ఆ కుట్టు కొంతకాలము పట్టియుంచునదే గాని శాశ్వతమైనది కాదు. స్నాయువు తానే ఎముకతో అతుకుకొనవలెను. అందుకు సుమారు 12 వారములు పట్టును. కావుననే సాధారణముగా 4 మొదలు 6 వారములవరకు పట్టీ తీయకూడదందురు.

చర్మముపై కుట్లు రెండు వారములలో మానును, నొప్పియు తగ్గును. అపాయము అప్పుడే. బాగైతినని తలంచి ఆ చేతితో నీళ్ల బకెట్టు ఎత్తినయెడల, లోపలి కుట్టు తెగవచ్చును. కదలక ఉన్న చేయి సోమరి చేయి కాదు; కంటికి కనబడని పని దానిలో జరుగుచున్నది.

2. ఎత్తుటకు ముందు ఎత్తనిచ్చుట

చికిత్సలో ఒక క్రమమున్నది. మొదట విశ్రాంతి. పిమ్మట ఫిజియోథెరపిస్టు ఆ చేతిని పట్టి తానే కదల్చును. రోగి కండరమును బిగింపక వదలివేయవలెను. తరువాత మంచి చేతి సహాయముతో కదల్చుట, ఆ తరువాత తానుగా ఎత్తుట, కడపట బలము కొరకైన వ్యాయామము. వైద్యుడు అనుమతించినప్పుడు ముందుకు వంగి చేతిని వ్రేలాడవిడిచి మెల్లగా ఊపు వ్యాయామమును చేయింతురు. తెగిన భుజపు స్నాయువును కుట్టుటను గూర్చి 1911లో ప్రకటించిన బోస్టను వైద్యుడు కాడ్‌మన్ పేరిట అది నేటికిని పిలువబడుచున్నది.

ఈ క్రమములో అనేకులకు కష్టమైనది రెండవ మెట్టు. ఏండ్లకొలది ఇంటి భారమును మోసినవారికి, తమ చేతిని మరియొకరి చేతిలో ఊరక ఉంచుట బరువు మోయుటకంటె కష్టము. అయినను మోషే ఆ సహాయమును నిరాకరింపలేదు.

3. ఒంటిచేతి దినచర్య

చొక్కా తొడుగునప్పుడు ముందుగా చికిత్స జరిగిన చేతికి తొడుగవలెను. విప్పునప్పుడు మంచి చేతినుండి ముందుగా విప్పవలెను. స్త్రీలకు ముందువైపు హుక్కులుండు వదులైన రవిక అనుకూలము. వెల్లకిల పరుండుటకంటె, దిండ్లకు ఆనుకొని, మోచేతి క్రింద చిన్న దిండుంచుకొని సగము కూర్చున్నట్లు నిద్రించుట సుఖము. వైద్యుడు వలదనిననే తప్ప వ్రేళ్లను, మణికట్టును దినమునకు పలుమారులు కదల్చుచుండవలెను. జ్వరము, గాయమునుండి చీము, వ్రేళ్ల తిమ్మిరి, ఆయాసము కనబడినచో ఆలస్యము చేయక వైద్యుని చూడవలెను. వైద్యుడు మీకు చెప్పిన మాటయే ఈ సూచనలన్నిటికంటె ముఖ్యము.

4. ఎడమచేతి సిగ్గు

కుడిచేయి పట్టీలో ఉన్నప్పుడు భోజనము ఎడమచేతితోనే చేయవలసివచ్చును. మన దేశములో ఇది అమర్యాదగా ఎంచబడును గనుక కొందరు విందులకు వెళ్లరు. ప్రభువు బల్లయొద్ద ఎడమచేయి చాపుటకు జంకి ఆరాధనకే మానుకొనువారును ఉందురు. న్యాయాధిపతుల గ్రంథములో ఏహూదు ఎడమచేతివాడు; ఇశ్రాయేలీయులకు విడుదల అతనిద్వారానే కలిగెను. బెన్యామీనీయులలో గురితప్పని 700 మంది యోధులును ఎడమచేతివారే. మనము సంకోచించు చేతిని దేవుడు త్రోసివేయలేదు. భోజనమునకు చెంచా వాడుకొనవచ్చును. సహవాసమును మాత్రము విడువకూడదు.

5. ఆదుకొనువారికి ఒక మాట

అహరోనును హూరును మోషేకు బదులుగా తమ చేతులు ఎత్తలేదు. అతని చేతులనే పట్టిరి. రోగి ఒంటిచేతితో చేయగల పనిని సహితము లాగికొని చేయుట సహాయము కాదు. సీసా మూత తీసియిచ్చుడి, జడ వేయుడి, కూర తరిగిపెట్టుడి. ఆయన ఉత్తరము ఆయననే వ్రాయనిండు, ఆమె ఇంటి లెక్క ఆమెనే చూడనిండు.

వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలకు చెందిన డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో జరిగిన ప్రమాదములో నడుము క్రింద చచ్చుబడిపోయిరి. ఆమెను చక్రముల కుర్చీలోనికి చేర్చుటకు ఇతరులు అవసరమైరి. అయితే ఆ కుర్చీలో కూర్చుండియే ఆమె కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్స చేసిరి. పిమ్మట అంగవైకల్యముగలవారి కొరకు 1966లో వేలూరులో పునరావాస సంస్థను నెలకొల్పుటకు కారకులైరి. ఇతరుల సహాయముతో జీవించుట ఆమె సేవకు అంతము కాలేదు.

మోషే చేతులు పొద్దు గ్రుంకువరకు నిలిచెను. ఆ ఘడియను మోషే నిర్ణయింపలేదు. మన పట్టీ తీయు దినమును మనము నిర్ణయించునది కాదు. అంతవరకు ఆదుకొను చేతులను బట్టి దేవుని స్తుతించుదము.

ఆలోచించుటకు:
(1) సహాయము చేయుట, పొందుట, ఈ రెంటిలో మీకు కష్టమైనది ఏది? ఎందుచేత?
(2) మీ సంఘములో సిగ్గుచేత ఇంటిలో ఉండిపోయినవారు ఎవరైనను ఉన్నారా?
(3) ఈ వారము వారి చేతిక్రింద మీ చేయి ఎట్లుంచగలరు?