పాత పాట - కొత్త చెవి

"పాత పాటలు బంగారం, కొత్త పాటలు ఇత్తడి" - ఈ మాట వినకుండా పెరిగిన తెలుగు పిల్లవాడు ఉండడేమో! పెళ్ళి పందిట్లో రెండు పాటలు వినబడగానే పెద్దవాళ్ళలో ఎవరో ఒకరు నిట్టూర్చి "ఆ రోజులే వేరు" అనటం, కుర్రవాళ్ళు పక్కకు తిరిగి నవ్వుకోవటం మామూలే. ఈ తగవు మన హాస్టలు భోజనశాలలోనూ ఉంది, అధ్యాపకుల గదిలోనూ ఉంది. తీర్పు మాత్రం ఎప్పుడూ రాదు.

సంగీతశాస్త్రం నాకు రాదు. భౌతికశాస్త్రం చదువుకుంటున్నవాణ్ణి. కాని ఏ మాట విన్నా "ఇది నిజమేనా? ఎంతవరకు నిజం?" అని అడగటం మన ప్రయోగశాలల్లో నేర్పిన అలవాటు. ఆ అలవాటుతోనే ఈ పాత, కొత్తల సంగతి కాస్త పరిశీలిద్దామని ఈ ప్రయత్నం. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

మూడు తరాలు - మూడు బంగారాలు

ముందు మా ఇంటి సంగతే చెబుతాను. మా తాతయ్యకు పాట అంటే ఘంటసాల పాటే. రాత్రిపూట చేనికి నీళ్ళు పెట్టటానికి వెళ్ళి, గట్టుమీద కూర్చుని గొంతెత్తి పాడేవాడట. మా నాన్న కుర్రతనంలో, వడ్లు అమ్మిన డబ్బులతో ఒక టేపురికార్డరు కొనుక్కొచ్చారు. ఆయనకు ఇళయరాజా అంటే ప్రాణం. 'గీతాంజలి' (1989) క్యాసెట్టు అరిగిపోయేదాకా తిప్పారు. అప్పుడు తాతయ్య "ఏం గోలరా అది? మాట కంటే మోత ఎక్కువ!" అని కేకలేశాడట.

ఇప్పుడు నా ఫోనులో పాట వినబడితే మా నాన్న అనే మాట ఏమిటో తెలుసా? అక్షరం పొల్లు పోకుండా అదే మాట!

తాతగారికి గోలగా వినబడింది కొడుక్కి బంగారమయింది. కొడుకు గోల అంటున్నది రేపు మనుమడికి బంగారమవుతుందేమో. అంటే బంగారం పాటలోనే ఉందా, వినే చెవిలో ఉందా అని మొదటి అనుమానం.

నిందలు పడ్డ బంగారం

ఈ అనుమానానికి చరిత్రలో గట్టి సాక్ష్యమే దొరుకుతుంది. 1952లో బి.వి. కేస్కర్ గారు కేంద్రంలో సమాచార, ప్రసారశాఖ మంత్రి అయ్యారు. సినిమా పాటలు జనం అభిరుచిని పాడుచేస్తున్నాయని ఆయన గట్టి నమ్మకం. నిర్మాతలతో ఒప్పందం కూడా చెడి, కొన్నేళ్ళపాటు ఆకాశవాణిలో సినిమా పాటలు దాదాపు మాయమయ్యాయి. జనం ఊరుకున్నారా? రేడియో సిలోన్ వైపు ముల్లు తిప్పుకున్నారు. చివరికి 1957 అక్టోబరు 3న వివిధభారతి మొదలయిన తర్వాతగాని సర్కారు రేడియో దారికి రాలేదు.

ఇప్పుడు ఆ అయిదేళ్ళలో తెలుగులో వచ్చిన చిత్రాలేమిటో చూడండి. 1952లో 'పెళ్ళిచేసి చూడు', 1953లో 'దేవదాసు', 1955లో 'మిస్సమ్మ', 1957లో 'మాయాబజార్'. ఇవాళ మనం నెత్తిన పెట్టుకుంటున్న పాటలు పుట్టిన కాలంలోనే, సినిమా పాట అంటే చవకబారు సరుకని దేశంలో చదువుకున్న పెద్దలు తీర్మానించారన్నమాట!

ఇంకా వెనక్కి వెళ్ళినా ఇదే కథ. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' (1932) నాటకరంగం మీదినుంచి నడిచి వచ్చిందే. అప్పట్లో నటించేవారే పాడేవారు. చిత్తూరు నాగయ్య గారు 'త్యాగయ్య' (1946) నాటికీ తన పాట తానే పాడుకున్నారు. తర్వాత నటించేది ఒకరు, పాడేది ఒకరు అయింది. పద్యం విని "వన్స్‌మోర్" కొట్టి పెరిగిన చెవులకు ఈ అరువు గొంతు వ్యవహారం ఎలా వినబడి ఉంటుందో ఊహించుకోవచ్చు.

కళ్ళంలో గాలి

మరి నిజంగానే పాత పాటలు ఎక్కువ బాగున్నట్టు మా వయసు వాళ్ళకు కూడా ఎందుకనిపిస్తుంది? దీనికి జవాబు నాకు పుస్తకంలో దొరకలేదు, మా కళ్ళంలో దొరికింది.

నూర్చిన వడ్లను చేటతో ఎత్తి గాలికి పోస్తే తాలు ఎగిరిపోతుంది, గట్టిగింజ కాళ్ళ దగ్గర పడుతుంది. పాటలకు కాలమే గాలి. ఆ రోజుల్లో ఒక్కో చిత్రంలో పది పాటలున్నవీ చాలానే ఉన్నాయి. అన్నీ ఇవాళ వినబడుతున్నాయా? 1950ల నాటి చిత్రాల జాబితా తీసి చూస్తే, పేరు కూడా వినని చిత్రాలే ఎక్కువ. వాటి పాటలన్నీ తాలై పోయాయి. డెబ్భై ఏళ్ళు తూర్పారబట్టగా మిగిలిన రాశి ఒకపక్కన పెట్టి, నిన్ననే నూర్చిన కుప్పను రెండోపక్కన పెట్టి తూకం వేస్తున్నాం మనం. ఏ రైతూ ఇలాంటి తూకం ఒప్పుకోడు.

అయితే ఈ గాలి ఎప్పుడూ న్యాయంగా వీస్తుందనీ చెప్పలేం. చిత్రం ఆడకపోతే మంచిపాట కూడా దానితోపాటే కొట్టుకుపోతుంది. రికార్డు అరిగిపోయి, మరో ప్రతి దొరక్క పోయినవీ ఉంటాయి. మిగిలినవన్నీ మేలైనవీ కావు, పోయినవన్నీ తాలూ కావు.

"సరే, కాని ఆనాటి కళాకారులే వేరు" అంటారు కొందరు. దీనికి ఒక్క ఉదాహరణ చాలు. 'అడవిరాముడు' 1977లో వచ్చింది. పాటలు వేటూరి, సంగీతం కె.వి. మహదేవన్, గానం బాలసుబ్రహ్మణ్యం, సుశీల. జనం ఈలలు వేసి డబ్బులు విసిరిన పాటలవి, పెద్దలు ముఖం చిట్లించిన పాటలు కూడా. మూడేళ్ళు తిరక్కుండా 1980లో 'శంకరాభరణం' వచ్చింది. పాటలు అదే వేటూరి, సంగీతం అదే మహదేవన్, గొంతు అదే బాలసుబ్రహ్మణ్యం! ఈసారి మహదేవన్‌కూ, బాలుకూ, వాణీ జయరామ్‌కూ జాతీయ పురస్కారాలు వచ్చాయి. ఒకే చేతులు, ఒకే గొంతు. అడిగిన సరుకు వేరు. కాబట్టి ఫలానా ఏడుతో మంచికాలం అయిపోయింది, ఫలానా ఏడుతో చెడుకాలం మొదలయింది అని గీత గీయటం కుదరదు.

యంత్రం మారితే పాట మారుతుంది

ఇక నా సబ్జెక్టులోకి వస్తాను. పాటను మార్చింది మనుషుల రుచి ఒక్కటే కాదు. దాన్ని మోసుకొచ్చిన యంత్రానికి కూడా అందులో పెద్దవాటా ఉంది.

మైకు సంగతి చూడండి. నాటకంలో పాడేవాడి గొంతు చివరి వరుసలో కూర్చున్నవాడికి అందాలి. అందుకే ఆ గానంలో అంత ఎత్తు, అంత బలం. మైకు ముందు ఆ అవసరం లేదు, చెవిలో చెప్పినంత మెల్లగా పాడినా చాలు. 'మిస్సమ్మ'లో ఎ.ఎం. రాజా పాడిన ఆ మెత్తదనం మైకు ఇచ్చిన వరమే. ఇవాళ మనం "పాతకాలపు సౌకుమార్యం" అనుకుంటున్నది ఆనాటికి సరికొత్త సాంకేతికం!

నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డులో ఒకపక్కన సుమారు మూడు నిమిషాలే పట్టేది. పల్లవి, రెండు మూడు చరణాలు - అంతలో కథ ముగియాలి. మాట వృథా చేయటానికి చోటు లేదు. తర్వాత ఎల్.పి. రికార్డు వచ్చింది. ఫిలిప్స్ వారు 1963లో పరిచయం చేసిన క్యాసెట్టు 1980లలో పల్లెలకు కూడా చేరింది. ఇప్పుడు పాట ఫోనులో పది, పదిహేను సెకన్ల తునకలుగా తిరుగుతోంది. ఆ తునకలోనే వేలు ఆగేటట్టు చెయ్యాలంటే పాట మొదట్లోనే గట్టిగా కొట్టాలి. మూడు నిమిషాల కొలతకు ఒకలాంటి పాట పండితే, పదిహేను సెకన్ల కొలతకు మరోలాంటిది పండుతుంది.

మూడో సంగతి శ్రుతి, మోత. మీడియం వేవ్ రేడియోలో బాగా కింది ధ్వనులూ, బాగా పై ధ్వనులూ సరిగా రావు. మధ్యలో ఉండే మనిషిగొంతు మాత్రం చక్కగా వస్తుంది. టెలిఫోనులో 300 నుంచి 3400 హెర్ట్‌జ్‌ల మధ్య ధ్వనులు పంపితేనే అవతలివాడి మాట మనకు తెలుస్తోంది గదా! అందుచేత పాతపాటలో గొంతే యజమాని, వాద్యాలు వెనక నడిచేవి. ఇప్పటి పాటకు ప్రాణం 50, 60 హెర్ట్‌జ్‌ల దగ్గర పలికే గుండెదరువు. అది ఫోనుకున్న చిన్న స్పీకరులో పలకదు, అంత గాలిని కదిలించే శక్తి దానికి లేదు.

మొన్న సంక్రాంతికి ఒక చిన్న పరీక్ష చేశాను. పశువుల పాకలో మా నాన్న విసుక్కున్న పాటనే, మంచి ఇయర్‌ఫోన్లు పెట్టి మళ్ళీ వినిపించాను. కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నారు. "దీంట్లో ఇంత ఉందిట్రా?" అన్నారు. నేను గెలిచానని సంబరపడేలోపే, "అయినా మాట తెలియలేదురా" అన్నారు. ఆ రెండో మాటకు నా దగ్గర జవాబు లేదు. 1997లో వచ్చిన ఆటోట్యూన్ వంటి పనిముట్లు తప్పిన శ్రుతిని సరిదిద్దగలవు గాని, వినబడని అక్షరాన్ని వినిపించలేవు. కృష్ణశాస్త్రి 'మల్లీశ్వరి' (1951)కి రాసినవాటిలో గాని, పింగళి, ఆత్రేయ, దాశరథి రాసినవాటిలో గాని మాట తెలియలేదని ఎవరూ అనరు. ఈ ఒక్క ఫిర్యాదు వయసువల్ల వచ్చింది కాదు, నిజమైనదే.

ఇరవై ఏళ్ళ చెవి

జ్ఞాపకశక్తిని పరిశీలించిన మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక సంగతి గమనించారు. పెద్దవయసులో మనిషికి ఎక్కువగా గుర్తుకొచ్చేవి సుమారు పది నుంచి ముప్ఫై ఏళ్ళ మధ్య జరిగినవేనట. మొదటి స్నేహాలు, మొదటి సంపాదన, మొదటి ప్రేమ అన్నీ ఆ వయసులోనే. అప్పుడు విన్న పాట వాటికి అంటుకుని ఉండిపోతుంది. పాట వినబడితే ఆ రోజులు లేచి వస్తాయి. "ఆ పాటలే వేరు" అనే మాటలో సగం "ఆ వయసే వేరు" అని అర్థం.

మనమంతా ఇప్పుడు సరిగ్గా ఆ వయసులోనే ఉన్నాం. 2023 మార్చిలో 'నాటు నాటు' పాటకు ఆస్కార్ వచ్చిన ఉదయం ఎవరెక్కడున్నారో మనలో చాలామందికి గుర్తే. నలభై ఏళ్ళ తర్వాత మనం కూడా ఎవరో ఒక కుర్రవాడి దగ్గర నిట్టూరుస్తాం. అందుకే పెద్దల నిట్టూర్పును చూసి మరీ అంతగా నవ్వకూడదు.

నిజంగా పోయిందేమిటి?

ఇంతకూ పాత పాటలు పోయాయా అంటే, పోలేదు. తాతయ్య కాలంలో ఒక పాట మళ్ళీ వినాలంటే రేడియోలో వచ్చేదాకా కాచుకోవాలి, లేదా సినిమా మళ్ళీ చూడాలి. అందుకే హాలు దగ్గర పాటల పుస్తకం కొని, బట్టీపట్టి, నోటితో మోసుకొచ్చేవారు. ఇవాళ అన్నీ నా జేబులోనే ఉన్నాయి. ఏ పాట కావాలన్నా క్షణం పట్టదు. అందుకనే ఏదీ నోటికి రాదు.

మా ఊళ్ళో నాట్లు వేసేటప్పుడు ఒకామె ఎత్తుకుంటే మిగతావాళ్ళంతా అందుకునేవారట. మా అమ్మకు బాగా గుర్తు. ఇప్పుడు గట్టుమీద ఎవరి ఫోనో పాడుతుంది, చేలో అందరూ మౌనంగా వంగి ఉంటారు. మన హాస్టల్లోనూ ఒక గదిలో నలుగురం ఉంటే నాలుగు జతల ఇయర్‌ఫోన్లు, నాలుగు పాటలు. మనం ఇంత పాట విన్న రోజులు ఎప్పుడూ లేవు, ఇంత తక్కువ పాడిన రోజులూ లేవు.

మా తాతయ్య పోయి రెండేళ్ళయింది. ఆయన విన్న పాటలన్నీ నా ఫోనులో ఉన్నాయి. ఆయన పాడినట్టు మాత్రం ఎక్కడా లేదు. రికార్డు చేసుకోవాలని ఎవరికీ తట్టలేదు.

కాబట్టి మన విద్యార్థి సంఘానికి ఒక మనవి. వచ్చే వార్షికోత్సవంలో ఒక్క గంటసేపు మైకు, స్పీకర్లు, ఫోన్లు అన్నీ కట్టేద్దాం. అధ్యాపకులు, పాత విద్యార్థులు, మనం కలిసి కూర్చుని తలా ఒక పాట పాడుదాం. పాతదయినా ఫరవాలేదు, నిన్నటిదయినా ఫరవాలేదు. వాద్యం లేకుండా, నోటితో నిలబడిన పాట ఏదో అప్పుడు తెలిసిపోతుంది. నా మటుకు నేను మా నాన్నను కూడా పిలుచుకొస్తాను. ఆయన పాడుతుంటే ఈసారి రికార్డు చేసుకుంటాను. ఆ ఒక్క ఫోనుకు మాత్రం సంఘం వారు అనుమతి ఇవ్వాలి.